బ్రేకు మీద కాలు

మా బావకు నా మీద ప్రేమ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఉంది. కాకపోతే వరసలో ముందు కారు, తర్వాత కారు మీద కప్పే కవరు, ఆ తర్వాత దాన్ని తుడిచే మెత్తటి గుడ్డ, ఆ గుడ్డ ఉతికి ఆరేసే దండెం, అవన్నీ అయ్యాక నేను వస్తాను. వరసలో ఉన్నాను కదా, అది చాలు అనుకుని ఇన్నేళ్లు కాపురం చేశాను.

బావ అంటే నా మొగుడే. మాది మేనరికం. ముత్తాత పేరే ఇద్దరికీ పెట్టారు కాబట్టి ఆయన బయ్యన్న, నేను బయమ్మ. తాడిపత్రి బయట మాకు బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ఇప్పుడు దాన్ని మా కొడుకు భరత్ చూసుకుంటున్నాడు. బావ మాత్రం ఫ్యాక్టరీ వెనక గొడ్లకొట్టంలో కారు చూసుకుంటాడు.

ఆ కారు మా మామ కొన్న అంబాసిడర్. నేను కొత్త కోడలిగా తనకల్లు నుంచి తాడిపత్రికి వచ్చింది దాంట్లోనే. వచ్చాను అంటే వచ్చాను, అంతే. దారి ఎట్లా ఉందని అడిగితే చెప్పలేను. ఆ కాలంలో మా ఇళ్లలో ఆడవాళ్లు కారెక్కితే కిటికీలకు తెరలు కట్టేవాళ్లు. ముందు సీటుకు వెనక సీటుకు మధ్యన ఇంకొక తెర. ముందర డ్రైవరు, మామ, బావ. వెనక ఒక పక్క అత్త, ఇంకో పక్క సారె గంప, మధ్యలో నేను. కదిరి ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. నాకు కనపడింది ఆకుపచ్చ గుడ్డ, అత్త మోచెయ్యి. ఆ తర్వాత కూడా పెళ్లికి పోయినా చావుకు పోయినా నాది వెనక సీటే. అత్తా మామా పోయారు, తెరలు చినిగిపోయాయి, ఇంక నా వంతు వస్తుందిలే అనుకునేలోపల కారు ఆగిపోయింది. దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ముందు సీట్లోనే పెట్టేవి. వాటికున్న అదృష్టం కూడా నాకు లేకపోయె.

మూడేళ్ల కిందట బావకు ఉన్నట్టుండి ఆ కారును మళ్లీ కొత్తదాన్ని చేయాలని బుద్ధి పుట్టింది. దానికి నా గొడ్లకొట్టం కావాల్సి వచ్చింది. బర్రెను బయట కట్టేయడానికి నేను ఊరికే ఒప్పుకోలేదు.

"కారు బాగయినాక నన్ను ముందర సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పల్ల. అట్లయితే కొట్టం ఇస్తా," అన్నాను.

"నీ తలమీద ఒట్టు," అన్నాడు బావ. ఒట్టు వేయడానికి ఆయన ఎప్పుడూ నా తలే వాడతాడు.

కారు బాగయింది. నిజం చెప్పాలి, ముచ్చటగా అయింది. జున్ను రంగు వేయించాడు. దీపాల చుట్టూ రింగులు తళతళలాడుతున్నాయి. ప్రతి బోల్టూ పాతదే ఉండాలని ఊర్లు తిరిగి తెచ్చాడు. దొరకనిది ఒక్క చేతిబ్రేకు కేబులే. వేరే కంపెనీది వేయించుకో బావా అంటే, "ఒరిజినల్ దొరికేదాకా ఆగల్ల" అని, నిలిపిన చోటల్లా చక్రాల కింద బండముక్కలు పెట్టుకుంటూ తిరిగాడు. తిరిగాడంటే ఎక్కడికో కాదు, కొట్టం నుంచి గేటు దాకా. సీట్ల మీద కొత్తగా కుట్టించిన రెగ్జిన్‌కు ప్లాస్టిక్ కవరు వేసి, దాని మీద ఎవరినీ కూర్చోనియ్యలేదు. నేను అడిగినప్పుడల్లా, "పెయింటు ఆరనీ," అన్నాడు. పెయింటు ఆరింది. "దసరా పోనీ," అన్నాడు. దసరా పోయింది. చివరికి ఒక రోజు అన్నం తింటూ చల్లగా చెప్పాడు, కారు బెంగళూరికి పోతోందని.

అక్కడ ఒక పెద్ద హోటలు వాళ్లు పాతకార్లను గాజు గదిలో పెడతారట. లైట్లు వేస్తారట. పక్కన పలక మీద మా మామ పేరు రాస్తారట.

"దుమ్ము పడదు, వాన పడదు. ఎవురూ తాకరు," అన్నాడు. తన కూతురికి కలెక్టరు సంబంధం కుదిరినట్టు చెప్పాడు.

"ఎవురూ కూర్చోరా?"

"గాజు గదిలో యాల కూర్చుంటారే?"

"మరి నా ముందు సీటు?"

బావ మజ్జిగ పోసుకున్నాడు. మజ్జిగ పోసుకుంటే జవాబు చెప్పనక్కరలేదని ఆయన నమ్మకం.

ఆ రాత్రి నాకు ఏడుపు వచ్చింది. ఒక సీటు కోసం ఈ వయసులో ఏడవడమేమిటని సిగ్గు కూడా వచ్చింది. కానీ ఏం చేయను, నాకు కావాల్సింది అదొక్కటే, అది శనివారం పొద్దున బెంగళూరికి వెళ్లిపోతోంది.

శనివారం పొద్దున ఫ్యాక్టరీ ముందర ట్రైలర్ నిలిపారు. దాన్ని లాక్కొచ్చిన లారీని విప్పుకుని, డ్రైవరు డీజిలు పోయించడానికి బంకుకు పోయాడు. కారును రోడ్డు మీద తోలుకుపోతే రాళ్ల లారీల వెనక కంకర ఎగిరి పెయింటుకు తగులుతుందని బావ ట్రైలర్ పెట్టించాడు. కారు దాని మీదకు ఎక్కింది. ఎక్కాక దాన్ని ఎట్లా కట్టాలన్న దగ్గర పంచాయితీ మొదలయింది.

మా దగ్గర బండలు లోడు చేసే కొండప్ప పెద్ద మోకు, నాలుగు బొంతలు తెచ్చాడు. బొంతలు నావే, నన్ను అడగలేదు. తాడిపత్రిలో లోడు కట్టడమంటే బండలు కట్టడమే. వాటిని నిలబెట్టి, సందుల్లో గోనెసంచులు దోపి, మోకుతో బిగిస్తే పలక పక్కన పలక ఊపిరి కూడా తీసుకోకూడదు. కొండప్ప మోకును కారు నెత్తి మీదుగా వేయబోయాడు.

"కొండప్పన్నా, ఇది బండ కాదప్పా," అన్నాడు భరత్. "దీనికి స్ప్రింగులుంటాయి. నెత్తిన వేసి బిగిస్తే, గుంతలో పడినప్పుడల్లా స్ప్రింగు అణిగి కట్టు వదులైతాది. చక్రాలను బెల్టులతో పట్టుకోవల్ల. ఒళ్లు ఊగితే ఊగనీ." ఫోన్లో ఎవరో కట్టింది చూసి బెల్టులు తెప్పించాడు వాడు.

"లోడు ఊగితే పగుల్తాది భరతూ," అన్నాడు కొండప్ప. "నా సర్వీసులో ఊగిన లోడు ఇల్లు చేరింది లేదు."

బావ ఇద్దరినీ చూశాడు. "ఏమప్పా, చక్రాలు కట్టేసి ఒళ్లు వదిలేస్తే తాగినోని మాదిరి ఊగుకుంటా పోతాదా నా కారు బెంగళూరికి? మా నాయన కారది!"

"మీ నాయన గూడా అప్పుడప్పుడు ఊగేవాడులే బావా," అన్నాను నేను. కొండప్ప మోకు చాటున నవ్వుకున్నాడు. బావ వినపడనట్టు టైరు తుడిచాడు.

చివరికి రాజీ కుదిరింది. చక్రాలకు భరత్ బెల్టులు, చక్రాల వెనక కొండప్ప బండముక్కలు. భరత్ ఒక్కో చక్రం చుట్టూ బెల్టు తిప్పి, ట్రైలర్ కొక్కేనికి తగిలించి, పిడిని టకటకమని ఆడించి బిగించాడు. కొండప్ప ప్రతి బెల్టునూ వేలితో మీటి చూశాడు. బావ చుట్టూ తిరిగి కారు చెవిలో ఏదో చెప్పి వచ్చాడు. ఆఖరికి ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొండప్ప లారీ డ్రైవరును పిలవబోయాడు.

"ఆగప్పా!" అన్నాడు బావ. "ఆ నిమ్మకాయలు ఎవురికి?"

"దిష్టికి అన్నా."

"ఎవురి దిష్టికి? అవి తొక్కితే ట్రైలర్ దిష్టి పోతాది. ట్రైలర్‌కు ఎవురి దిష్టి తగిలిందప్పా, తుప్పు పట్టిందానికి? తాడిపత్రి తాడిపత్రంతా వచ్చి కళ్లార్పకుండా చూసింది నా కారును. కారు దిష్టి పోవల్లంటే కారు చక్రమే తొక్కల్ల."

భరత్ తల పట్టుకున్నాడు. "నాయనా, కట్టడం అయిపోయింది."

"విప్పు."

విప్పారు. ఇంత చదువుకున్న నా కొడుకు, ఇన్ని లోడ్లు కట్టిన కొండప్ప, ఒక్కరు కూడా ఇది వద్దు అనలేదు. నేను మాత్రం ఎందుకు అనాలి? దిష్టి విషయంలో మాది ఒకటే మతం. నిమ్మకాయలు లోపలినుంచి తెచ్చి ఇచ్చింది నేనే.

అంతలో బావ క్యాలెండరు గుర్తు తెచ్చుకున్నాడు. శనివారం పొద్దునే రాహుకాలం. అది రాకముందే టెంకాయ కొట్టాలి, బండి కదలాలి. "బిరీన, బిరీన!" అని అందరినీ తరిమాడు. నాలుగు చక్రాల ముందర నిమ్మకాయలు పెట్టారు. బావ పంచె ఎగ్గట్టి, ప్లాస్టిక్ కవరు మీద అంచున కూర్చుని, ఇంజను వేసి కారును ముందుకు రవ్వంత కదిలించాడు. నిమ్మకాయలు టప్పుమని పగిలాయి. ట్రైలర్ ఇనుపరేకు మీద రసం పారింది. బావ మొహం వెలిగిపోయింది.

కొండప్ప బండముక్కలను ముందుకు జరిపి మళ్లీ చక్రాల వెనక ఆనించాడు. ట్రైలర్ వెనక్కి రవ్వంత వాలి ఉందని ఎవరికీ తట్టలేదు. బావ బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. బండముక్కలు ఆ నిమ్మరసం మీద సర్రున జారాయి. కారు జానెడు వెనక్కి వచ్చింది.

"తొక్కన్నా!" అని అరిచాడు కొండప్ప. బావ తొక్కాడు. కారు ఆగింది. వెనక, కారును ఎక్కించిన రెండు వాలు రేకులు ఇంకా దించే ఉన్నాయి. వాటి కింద, ఎదురుగా, మొన్ననే పాలిష్ పట్టిన బండల వరస ఉంది. జారితే కారు పోయి ఆ బండల్లోనే కూర్చుంటుంది.

"కాలు తీయొద్దు నాయనా," అన్నాడు భరత్. "గేరులో పెడితే వెనక చక్రాలే పట్టుకుంటాయి, బ్రేకైతే నాలుగూ పట్టుకుంటాయి. నేనూ కొండప్పన్నా చెరోపక్క బెల్టులు వేస్తాము."

"టెంకాయ ఎవురు కొడతారు?"

"నేను కొడతా."

"నేను బతికుండగా నువ్వు యాల కొడతావురా? ఇంటి పెద్ద కొట్టల్ల."

బెల్టులకు ఇద్దరు కావాలి. టెంకాయకు బావ కావాలి. బ్రేకుకు ఒకరు కావాలి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ముగ్గురూ నా మొహం చూశారు.

నేను కదలలేదు. పిలవని పేరంటానికి నేను పోను.

"బయమ్మా," అన్నాడు బావ, మందు మింగుతున్నట్టు. "వచ్చి రవ్వంత బ్రేకు తొక్కి పట్టుకో."

వాలు రేకు మీద చెయ్యి పట్టుకుని ఎక్కించాడు కొండప్ప. ఎడమ తలుపు తీసుకుని, ముందు సీటు మీద జరుగుతూ జరుగుతూ బావ పక్కకు పోయాను. పెళ్లి పీటల మీద ఎవరు ముందు కాలు తొక్కితే వాళ్లదే పైచేయి అంటారు. ఆ రోజు బావే తొక్కాడు. ఈ రోజు ఆయన కాలి మీద నా కాలు పెట్టి గట్టిగా తొక్కాను. ఆయన కిందనుంచి మెల్లగా తన కాలు లాక్కుని అటు తలుపులోనుంచి దిగాడు.

"కవరు నలపాకు. కుచ్చిళ్లు గేరుకు తగలనీయాకు. హారను మీద చెయ్యి పెట్టాకు," అన్నాడు.

"ఊపిరి తీసుకోవచ్చా?"

"నిదానంగా," అన్నాడు. టెంకాయ కోసం పరిగెత్తాడు.

అప్పుడు చూశాను నేను. ముందు అద్దం అంత వెడల్పు ఉంటుందని నాకు తెలియదు. ట్రైలర్ మీద ఎత్తున ఉన్నానేమో, గేటు, గేటు అవతల రోడ్డు, రోడ్డు అవతల వాన కోసం చూసి చూసి వాడిపోయిన శనక్కాయ చేను, ఆ వెనక నున్నటి గుట్టలు, అన్నీ ఒకేసారి వచ్చి నా ఒళ్లో పడ్డాయి. రోజూ చూసే గుట్టలే. కానీ ఇట్లా ఎదురొచ్చినట్టు ఎప్పుడూ కనపడలేదు. నాకు ఎంత సంతోషమయిందంటే, హారను నొక్కాను. అది బర్రె అరిచినట్టు అరిచింది. టెంకాయ పట్టుకున్న బావ అదిరిపడ్డాడు.

కర్పూరం వెలిగింది. భరతూ కొండప్పా బెల్టులు చేతిలోనే పట్టుకుని దండం పెట్టుకున్నారు. టెంకాయ చక్కగా రెండు చెక్కలయింది. బావ కళ్లకద్దుకుని వచ్చి, "ఊ, బెల్టులు వేయండప్పా. వేయంగానే నువ్వు దిగుదువు బయమ్మా," అన్నాడు.

"వేయొద్దు," అన్నాను నేను.

"ఏందీ?"

"నేను దిగను. నీ కారు గాజు గదికి పోతే మళ్లా నన్నెవురు కూర్చోనిస్తారు? నా తలమీద ఒట్టేసినావు. మూడేండ్లు బర్రె ఎండలో ఉండె. ఈ పొద్దు నన్ను ముందర కూర్చోబెట్టుకుని ఈ కారును రోడ్డు మీద తోలు. తోల్తానంటే ఉంటా. లేకుంటే కాలు తీస్తా."

భరత్ చేతిలో బెల్టు చేతిలోనే ఉంది. "మా, తమాషా చేయొద్దు మా."

"తమాషా ఏముందిరా? మీ నాయనకు ఏది కావల్నో ఆయప్పే చెప్పనీ."

కొండప్ప మెల్లగా కారు వెనకనుంచి పక్కకు తప్పుకున్నాడు. తెలివైనవాడు.

బావకు కోపం వచ్చింది. రాహుకాలం వస్తోందన్నాడు. హోటలు వాళ్లు ఎదురుచూస్తున్నారన్నాడు. బుద్ధి ఉందా అన్నాడు. ఆయన అరిచే కొద్దీ నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను. దృశ్యం బాగుంది మరి. అసలు విషయం ఏమిటంటే, నాకు కాలు తీసే ఉద్దేశం లేదు. ఆ కారు పగిలితే ఆయన గుండె పగులుతుందని నాకు తెలియదా? ఊరికే బెదిరించాను. కానీ బ్రేకు నేననుకున్నంత మెత్తగా లేదు. నా కుడి మోకాలు ముందే అరిగిపోయింది. మెట్లెక్కితేనే మొరాయిస్తుంది. అది వణకడం మొదలుపెట్టింది. చీర కింద ఎవరికీ కనపడదులే అనుకుని పళ్లు బిగబట్టాను.

బావ మాట మధ్యలో ఆగిపోయాడు. నా మోకాలి దగ్గర చీర అదురుతోంది. అదే చూస్తున్నాడు.

"నొస్తాందా?" అన్నాడు.

నేను కొంగు మోకాలి మీదకు లాక్కున్నాను.

"కాలు తీసెయ్," అన్నాడు బావ.

నాకు అర్థం కాలేదు. "కారు పోతాది బావా."

"పోతే పోనీ."

"బండల్లో పడతాదయ్యా!"

"పడనీ. కారు మళ్లా చేపిచ్చుకోవచ్చు. నీ మోకాలికి ఒరిజినల్ పార్టులు యాడ దొరుకుతాయే? తియ్యి కాలు. తియ్యమంటే వినవు." తలుపు తెరిచి, వంగి, నా మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తబోయాడు.

ఇన్నేళ్లలో ఆయన నోటినుంచి నేను ఇంత పెద్ద మాట వినలేదు. ఆ మాట విన్నాక కాలు ఎట్లా తీస్తాను? రెండో కాలు కూడా బ్రేకు మీద పెట్టి తొక్కాను. "పక్కకు పో, పిచ్చోడా! పెయింటు గీసుకుంటాది!" అని అరిచాను. ఆయన తియ్యమని, నేను తియ్యనని, ఇద్దరం కేకలు. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. భరత్ మమ్మల్ని చూసి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

అన్నిటికంటే ముందు తేరుకుంది కొండప్ప. పాలిష్ మిషన్ కింద రాతిపొడి గుట్టగా పడి ఉంటుంది కదా, రెండు చాటలు తెచ్చి చక్రాల కింద నిమ్మరసం మీద చల్లాడు. బండముక్కలు మళ్లీ పెట్టి, కాలితో తన్ని చూశాడు. కదల్లేదు. "ఇంక తియ్యక్కా," అన్నాడు. తీశాను. కారు అట్లాగే నిలబడింది. నా కాలే నిలబడలేదు.

బావ నన్ను ఎడమపక్కకు జరగమన్నాడు. జరిగాను. ఆయన వచ్చి నా పక్కన స్టీరింగు ముందర కూర్చున్నాడు. తర్వాత నేను కూర్చున్న పక్క ప్లాస్టిక్ కవరును ఒక మూల పట్టుకుని పర్రున చింపాడు. ఆ చప్పుడుకు నా ప్రాణం లేచొచ్చింది.

"భరతూ, బండముక్కలు తీసి పక్కకు రా. నేను బ్రేకు మీదే ఉన్నా. కిందికి దించుతా," అన్నాడు.

"బెంగళూరోళ్లు ఫోన్ చేస్తాండారు నాయనా. ఏమి చెప్పేది?"

"కారు తోవలో ఉండాదని చెప్పు."

వాలు రేకుల మీద కారును వెనక్కి వెనక్కి దించాడు. నా చెయ్యి డ్యాష్‌బోర్డు మీద పడితే వద్దనలేదు. ఒకసారి దానివైపు చూశాడు కానీ, వద్దనలేదు. కారు తిప్పుకుని గేటు దాకా వచ్చి ఆగాము. అప్పటికి రాహుకాలం వచ్చేసినట్టే ఉంది. ఇద్దరిలో ఎవరమూ ఆ ఊసెత్తలేదు.

గేటు దగ్గర రోడ్డు రెండు పక్కలా ఖాళీగా ఉంది. బావ అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"యాడికి పోదాం?" అన్నాడు.

కాపురానికి వచ్చినప్పటినుంచి మా ఇంట్లో "పోదాం పా" అనేవాళ్లే కానీ, ఎక్కడికని నన్ను అడిగినవాళ్లు లేరు. అత్త అడగలేదు, మామ అడగలేదు, బావ అడగలేదు. ముందు కూర్చోవాలని అంత కొట్లాడానే కానీ, కూర్చున్నాక ఎక్కడికి పోవాలో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ మాట తట్టగానే ఏడుపు మళ్లీ వచ్చింది.

"నాకు తెలీదు బావా," అన్నాను.

"అయితే తెలిసేదాకా పోదాంలే," అని బావ గేరు వేశాడు.